పట్టాల పక్కన బతికిన కుటుంబాలు: మన సంఘం వార్షిక నివేదిక

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

మన తాతముత్తాతలు రైల్వేలో చేసిన కొలువునూ, వారి ఇంటివారు గడిపిన బతుకునూ రాసిపెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఈ సంవత్సరం సంఘం చేసిన పనుల్లో అదే ప్రధానమైనది కనుక నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను. పిల్లలకు పుస్తకాల పంపిణీ, పెద్దలకు కంటి పరీక్షలు యథావిధిగా జరిగాయి.

బెజవాడ నుంచి ఒడిశాలోని కటకం (కటక్) దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మార్గం 1893–96 మధ్య పడింది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. మన ఇళ్లలో ఇప్పటికీ ‘బి.ఎన్.ఆర్.’ అని వినబడేది ఆ కంపెనీ పేరే. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు 1900లో నడిచింది. విజయనగరం నుంచి పార్వతీపురానికి 1908–09లో దారి పడి, 1931 నాటికి అది రాయపూర్ వరకు సాగింది. ఆ పనుల కోసం పల్లెల నుంచి కూలీలుగా వచ్చినవారిలో కొందరు పట్టాల మరమ్మతు చేసే గ్యాంగుమన్లుగా, దారి తనిఖీ చేసే కీమన్లుగా, గేటు కాపలాదార్లుగా స్థిరపడగా, మరికొందరు ఖరగ్‌పూర్ వర్కుషాపుకు తరలిపోయి అక్కడే తెలుగు వాడలు కట్టుకున్నారు.

గ్యాంగు పని ఎంత కష్టమైనదో నేటి పిల్లలకు చెబితే తప్ప తెలియదు. కుంగిన చోట పట్టాను ఎత్తి, పట్టాను మోసే చెక్క దుంగ (స్లీపరు) కిందికి కంకరను బీటరు అనే పనిముట్టుతో కొట్టి కూరడం. ఎండకు సాగిన పట్టా వంకర తిరగకుండా కనిపెట్టుకుని ఉండడం. కీమన్ అయితే తన హద్దులోని దారి అంతా రోజూ నడిచి, పట్టాను పట్టి ఉంచే కీలు వదులైతే సుత్తితో బిగిస్తూ, రెండు పట్టాలను కలిపే ఫిష్ ప్లేట్ల బోల్టులు చూసుకోవడం వారి నిత్యకృత్యం. నాగావళి, వంశధార పొంగే రోజుల్లో రాత్రి గస్తీ ఉండేది. కట్ట తెగినట్టు కనబడితే లాంతరు ఎర్రదీపం చూపుతూ ఎదురు పరుగెత్తి, కొంత దూరాన ఒక టపాసును, దానికి రెట్టింపు దూరాన మూడు టపాసులను పట్టాపై బిగించాలి. ఇంజను చక్రం కింద అవి పేలిన చప్పుడు విని డ్రైవరు బండి ఆపేవాడు.

అయితే, పెద్దలు చెప్పినదంతా విన్న తరువాత నాకు బలంగా కలిగిన అభిప్రాయం ఒకటి ఉంది. సర్వీసు పుస్తకంలో ఉన్నది ఒక మగవాడి పేరే గాని, ఆ కొలువును మోసింది ఇంటిల్లిపాదీ. ఊరికి దూరంగా, పట్టాల పక్కన ఒంటిగా ఉండే గేటు క్వార్టర్లో పెరిగిన ఒక సభ్యురాలు తన నాయనమ్మ గురించి చెప్పిన సంగతులు ఇందుకు సాక్ష్యం. తాతగారు అన్నానికి కూర్చున్నా, జ్వరంతో పడుకున్నా, పచ్చజెండా పట్టుకుని గేటు దగ్గర నిలబడింది ఆవిడే. తెల్లవారకముందే దూరపు బావి నుంచి నీళ్లు మోసుకొచ్చి, చోడి అంబలి కాచి, తరవాణి అన్నం మూటగట్టి, చంటిబిడ్డను చంకనేసుకుని ఆమె బండ్ల వేళలు గుర్తుపెట్టుకునేది. గడియారం చూడడం రాకపోయినా, ఏ బండి తరువాత ఏ బండి వస్తుందో ఆమెకు కంఠతా తెలుసు. 1930లో సవరించిన రైల్వే చట్టం, ఎడతెగని పని చేసేవారికి వారానికి 60 గంటలు, విరామాలుండే పని చేసేవారికి 84 గంటలు పరిమితిగా పెట్టింది. ఆమె నిలబడిన గంటలు ఆ లెక్కలో ఎక్కడా చేరలేదు. దీన్ని మనం రాయకపోతే మరెవరూ రాయరు.

పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజున ఊరంతా విజయనగరం చేరితే, రద్దీ బండ్ల కారణంగా గేటు కాపలాదారు ఇంటివారికి మాత్రం ఇల్లు కదలడానికి వీలుండేది కాదని కూడా ఆ సభ్యురాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రైల్వే తన సిబ్బంది కోసం నడిపిన చవక ధాన్యపు దుకాణాల గురించి పలువురు కృతజ్ఞతతో తలుచుకున్నారు. బయట బియ్యం దొరకని రోజుల్లో ఆ రేషను వల్లనే పిల్లలు బతికారని వారి మాట.

1944 అక్టోబరు 1న ప్రభుత్వం బి.ఎన్.ఆర్.ను స్వాధీనం చేసుకుంది. మన ప్రాంతంలోని ఆ మార్గాలు 1955లో ఆగ్నేయ రైల్వేలోకి, 2003లో తూర్పు తీర రైల్వేలోకి వచ్చాయి. పాలకులు మారిన ప్రతిసారీ పాత కాగితాలు చెదిరిపోయినందున, ఇళ్లలో మిగిలిన పాసులు, జీతపు చీటీలు, ఫొటోలు మరింత విలువైనవి. సభ్యులు వాటిని తీసుకువస్తే కార్యాలయంలో ఫొటో తీసి, అసలు కాగితాన్ని అప్పుడే తిరిగి ఇస్తాం. వచ్చే సంవత్సరం ఆమదాలవలస, పలాస, బొబ్బిలి ప్రాంతాల కుటుంబాలను కలవాలని కార్యవర్గం నిశ్చయించింది. ముఖ్యంగా ఎనభై దాటిన ఆడవాళ్ల మాటలను ముందుగా రికార్డు చేయాలి. ఇందుకు ఇంటి కోడళ్లు, మనవరాళ్లు తోడుగా వస్తే పెద్దవాళ్లు మనసు విప్పి మాట్లాడుతున్నారని గమనించాం.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి ఈ నివేదికకు జతపరిచారు. సభ ఆమోదం కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి