ప్రొపెల్లర్ నట్టు ఎక్కితే సరిపోదు

సంపాదకుడికి,

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లోనూ, కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ పిల్లలు చిన్న ఇంజిన్ల నమూనా విమానాలు ఎగరేస్తుంటారు. ప్రొపెల్లర్ నట్టు గడ్డిలో పడిపోతే హార్డ్‌వేర్ షాపుకెళ్లి, ఇంజిన్ షాఫ్ట్‌కి ఏది ఎక్కితే అది బిగించేయడం మామూలైపోయింది. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 570 కిలోమీటర్లు దాటుతుంది. మర జారి అది ఊడితే ఎదుట ఉండేది ఇంధనం సర్దే సూది తిప్పేవాడి చేతులూ ముఖమే.

ఓఎస్ కంపెనీ 40, 46 సైజు ఇంజిన్లనే తీసుకోండి. జపాన్ సరుకు కదా, అంతా మిల్లీమీటర్లే అనుకుంటారు. హెడ్ స్క్రూలు అలాంటివే. షాఫ్ట్ మాత్రం పావు అంగుళం, అంగుళానికి 28 మరలు. వ్యాసం కొలిచే వెర్నియర్‌తో చూస్తే 6.2 నుంచి 6.3 మి.మీ. చూపిస్తుంది, ఎం6 (ఆరు మిల్లీమీటర్ల మర) అయితే 6 దాటదు. ఎం6 షాఫ్ట్‌కి పావు అంగుళం నట్టు తగిలిస్తే రెండు మూడు చుట్లు ఎక్కి, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) కలవక పట్టేస్తుంది. స్పానర్‌కి గట్టిగా తగులుతుంది కాబట్టి బిగిసిందనుకుంటారు, ప్రొపెల్లర్ మాత్రం వదులుగానే ఉంటుంది. (ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్గుదీ పావు అంగుళమే, కానీ 32 మరలు. ఆ మర కోసే ట్యాప్‌తో నట్టు చేయించుకుంటే దండగ.)

60 సైజు ఓఎస్‌కి 5/16 అంగుళం, 24 మరలు. ఇక్కడ వెర్నియర్‌ని నమ్ముకుంటే మోసపోతాం. ఇదీ ఎం8 కూడా 7.8, 7.9 దగ్గరే చూపిస్తాయి. పిచ్ లెక్కే తేలుస్తుంది: పది మరల దూరం దీనికి 10.6 మి.మీ., మామూలు ఎం8కి 12.5, సన్న మర ఎం8కి 10. చిన్న షాఫ్టుల దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. పదో నంబరు (అంగుళాల కొలతల్లో ఒక చిన్న సైజు) 32 మరలదీ, ఎం5దీ పది మరల దూరం దాదాపు ఒకటే, 7.94, 8.0. కాబట్టి వ్యాసమే చూడాలి. 4.8 లోపుంటే పదో నంబరు, పైనుంటే ఎం5. కొస మరలు అరిగి ఉంటాయి కనుక ప్రొపెల్లర్ ఆనే చోటుకి దగ్గరగా కొలవాలి. పదో నంబరు షాఫ్ట్‌పై ఎం5 నట్టు వేళ్లతోనే హాయిగా చివరిదాకా పోతుంది, అదే దాంతో చిక్కు. పక్కలకు ఊపి చూస్తే కదులుతుంది. మరలు పైపైనే పట్టుకుని ఉంటాయి గనుక గట్టిగా బిగించగానే కొరుక్కుపోతాయి. పాత బ్రిటిష్ డీజిల్ ఇంజిన్లకైతే 2 బీఏ అనే బ్రిటిష్ కొలత మర కూడా ఉంటుంది: 4.7 మి.మీ., పిచ్ 0.81. వెర్నియర్‌కి ఇది పదో నంబరులాగే కనిపిస్తుంది. దీని మర కోణం 47.5 డిగ్రీలు, మిగతావాటికి 60. పిచ్ గేజ్‌లోని 60 డిగ్రీల పళ్ల ఆకు ఆనించి వెలుతురుకి పెడితే సందు కనబడుతుంది.

కాక్స్ కంపెనీ బుల్లి ఇంజిన్ 049కి నట్టు ఉండదు, స్క్రూ ఉంటుంది. అది ఐదో నంబరు, 40 మరలు, 3.18 మి.మీ. మన షాపుల్లో సులువుగా దొరకదు. ఎం3 స్క్రూ ఒకటి రెండు చుట్లు లోపలికి పోతుంది, ఆపైన తిప్పితే క్రాంక్‌షాఫ్ట్ మర పాడవుతుంది. సరైన స్క్రూ దొరికినా పొడవు చూసుకోవాలి. ప్రొపెల్లర్ లేకుండా వేళ్లతో చివరిదాకా తిప్పండి. స్క్రూ తల కింద మిగిలిన సందు ప్రొపెల్లర్ మధ్యభాగం మందం కన్నా తక్కువ ఉండాలి. ఎక్కువుంటే స్క్రూ అడుగున ఆని ఆగిపోతుంది, ప్రొపెల్లర్‌ని నొక్కదు.

అంగుళాల, మిల్లీమీటర్ల పిచ్ గేజ్‌లు రెండూ, ఒక వెర్నియర్ ప్రతి ఏరోమోడలింగ్ గదిలో ఉంచడానికి అయ్యే ఖర్చు స్వల్పం. కాలేజీలు, ఎన్‌సీసీ యూనిట్లు వాటిని కొనాలి. ఇంజిన్లు అమ్మేవారు షాఫ్ట్ మర కొలతని పెట్టెపైనే ముద్రించాలి, ఒక నట్టు అదనంగా ఇవ్వాలి.

– ఒక ఏరోమోడలింగ్ శిక్షకుడు, హైదరాబాద్