నన్ను కువైట్ నుంచి ఇంటికి, ఇంట్లో నుంచి వీధిలోకి తెచ్చినవాళ్లకు

నేను ఇంటికొచ్చేసిన సంగతి చాలామందికి తెలుసు. ఎట్లా వచ్చానో తెలిసినవాళ్లు తక్కువ. వీధిలో ఎదురైనవాళ్లు "ఏమ్మా, సెలవు మీద వచ్చినావా? మళ్లీ ఎప్పుడు పోతావు?" అంటున్నారు. కడపలో కువైట్ నుంచి దిగినవాళ్లను ఎవరైనా మొదట అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. పోస్టు కొంచెం పొడుగు. టీ పెట్టుకుని చదవండి.

సాయం చేసినవాళ్ల పేర్లు రాయడం లేదు. కొందరు ఇంకా ఆ దేశంలోనే పని చేసుకుంటున్నారు, వాళ్లకు ఇబ్బంది. ఇక్కడున్నవాళ్లేమో "పేరు రాస్తే రేపటి నుంచి ఫోన్లు ఆగవు తల్లీ, వద్దు" అన్నారు. ఎవరి గురించి రాశానో వాళ్లకు తెలుస్తుంది.

మా వైపు కువైట్‌ను పరదేశం అనుకోరు. సిద్ధవటం, ఒంటిమిట్ట, రాజంపేట, రాయచోటి, ఎటు చూసినా ఇంటికొకరో వీధికొకరో అక్కడ ఉంటారు. మా జేజికి బెంగళూరు ఎటువైపో తెలియదు గానీ దినారు రేటు తెలుసు. పొదుపు సంఘం అప్పు, ఫైనాన్సు వాళ్ల అప్పు, పాప ఆపరేషను అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఇంటిపని వీసా, అదే మనవాళ్లు ఖాదిం వీసా అనేది, ఉందని ఒకాయన వచ్చాడు. వెళ్లాను. ఇంతకన్నా వివరం అక్కర్లేదు, మీలో సగం మందికి మీ ఇంటి కథే అది.

అక్కడ ఏం జరిగిందో కూడా పూర్తిగా రాయను. "కొట్టినారా?" అని అందరూ అడుగుతారు. కొట్టకపోతే బాగానే చూసుకున్నట్టా? పాస్‌పోర్టు ఇంటి యజమాని సేటు దగ్గర, ఫోను ఇంటి యజమానురాలి దగ్గర, ఆమెను మామా అనాల. తెల్లవారుజామున మొదలైన పని అర్ధరాత్రి దాటినా తెమలదు. మొదట్లో జీతం ఇచ్చారు. తర్వాత "వచ్చే నెల, వచ్చే నెల" అన్నారు. వారానికి ఒకసారి వాళ్ల ముందే ఇంటికి మాట్లాడనిచ్చేవాళ్లు.

ఇక్కడ మా అమ్మ తిరగని చోటు లేదు. వీసా తెచ్చినాయన "రెండేళ్లు కావాల్సిందే, మధ్యలో వస్తే మీరే డబ్బు కట్టాల" అన్నాడు. చుట్టాలు "ఆడపిల్లను ఎందుకు పంపినావు?" అన్నారు. ఆ ప్రశ్న వేసినవాళ్లలో ఒక్కరు కూడా మా అప్పు తీర్చేవాళ్లు కాదు లెండి.

చివరికి పెద్ద దర్గా దగ్గర ఎవరో చెబితే అమ్మ ఒక సందులో ఉన్న కుట్టుమిషన్ల గదికి పోయింది. అక్కడ కూర్చునేవాళ్లంతా కువైట్‌కో, దుబాయ్‌కో, సౌదీకో పోయి వచ్చిన ఆడవాళ్లే. మాల మాదిగ ఇళ్ల నుంచి, ముస్లిం ఇళ్ల నుంచి, చేనేత ఇళ్ల నుంచి. ఎందుకు పంపినావని వాళ్లు అడగలేదు. పాస్‌పోర్టు జిరాక్సు ఉందా, వీసా కాగితం ఉందా, బత్తాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, దాని నంబరు తెలుసా, ఇల్లు ఏ బ్లాకు, ఏ వీధి అని అడిగారు. మా అమ్మ దగ్గర పాస్‌పోర్టు జిరాక్సు ఒక్కటే ఉంది.

కువైట్‌లో ఇళ్ల గోడలకు చిన్న పలక ఉంటుంది. దాని మీద ఆ ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన నంబరు ఉంటుంది. అది దొరికితే ఇల్లు దొరికినట్టే. ఈ సంగతి ఆ గదిలో ఉండే, అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన ఒక ముస్లిం అక్కకు తెలుసు, మేం ఆమెను ఆపా అంటాం. మరి నాకు చెప్పడం ఎట్లా? తెలుగు ఆ ఇంట్లో ఎవరికీ రాదు, కానీ గొంతు మారితే మామా ఇట్టే పట్టేస్తుంది. అందుకని ఆ గదిలో కూర్చోబెట్టి మా అమ్మతో రిహార్సల్ చేయించారట. ఏడవకుండా, ఆగకుండా మాట్లాడాల.

ఆ వారం అమ్మ నాతో అరిసెల పాకం కొలత చెప్తున్నంత మామూలుగా మాట్లాడింది. "చెత్త పారేయను బయటికి వస్తావు గదా, గేటు పక్కన గోడకు పలక ఉంటాదంట, దాని మీద అంకెలు చూసి పెట్టుకో, మళ్లీ వారం చెప్పు. పాప బాగుంది, దగ్గు తగ్గింది." నాకు చెమటలు పట్టాయి. రాసుకోను పెన్ను లేదు. చెత్త సంచి దింపేటప్పుడు అంకెలు రెండు రెండుగా చూసుకుని, ఉల్లిగడ్డలు తరుగుతూ వల్లె వేసుకున్నాను. మళ్లీ వారం ఫోనులో ఆ అంకెలు చెప్పి, వెంటనే పాప బడి ఫీజు గురించి అడిగాను. అవతల అమ్మ పక్కన ఎవరో రాసుకుంటున్న చప్పుడు నాకు వినిపించింది.

ఆ తర్వాతది వాళ్ల కష్టం. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన ‘మదద్’ అనే పోర్టల్ ఉంది. బయటి దేశంలో చిక్కుకున్నవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు దాంట్లో ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్లు పెట్టారు. అదే కాగితం రాయబార కార్యాలయానికి మెయిల్ చేశారు, ఇక్కడ కలెక్టరాఫీసు స్పందన కౌంటర్లో ఇచ్చారు. జవాబు రాకపోతే మళ్లీ రాశారు. ఆపా అరబ్బీలో సేటుతో మాట్లాడింది. 2015లో కువైటే చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లతో రోజుకు 12 గంటలకు మించి పనిచేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాల, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఆపా ఆ చట్టం నంబరు చెప్పేసరికి ఆయన గొంతు తగ్గిందట. ఇంతమంది ఆడవాళ్లను ఆ దేశానికి పంపిన జిల్లాలో ఆ నంబరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి? నాకూ అప్పటిదాకా తెలియదు.

రాయబార కార్యాలయం నుంచి ఫోన్లు పోయాక, ఒకరోజు సేటే నన్ను కారులో తెచ్చి అక్కడ దించాడు. కష్టంలో ఉన్న ఇంటిపనివాళ్లను ఉంచే ఆశ్రయంలో కొన్నాళ్లు ఉన్నాను. గోదావరి జిల్లాల వాళ్లు, తమిళం వాళ్లు, మన కడప వాళ్లు, అందరం ఒకే హాల్లో. బాకీ జీతంలో కొంత వచ్చింది, టికెట్టు సేటు పెట్టుకున్నాడు. సేటు పెట్టకపోతే కూడా దారి ఉంది, 2009 నుంచి ఇలాంటివాళ్ల కోసం భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఒకటుంది. విమానాశ్రయం దాకా తోడొచ్చిన డ్రైవరన్నకు నా దండాలు. ఆయన నా చేతిలో ఖర్చులకు డబ్బు పెట్టి, ఊరి పేరు కూడా చెప్పకుండా పోయాడు.

ఇంటికొచ్చాక ఇంకో కష్టం మొదలైంది. డబ్బు తెచ్చినవాళ్లకు ఊళ్లో ఉండే మర్యాద వేరు. నేను ఖాళీ చేతులతో వచ్చాను. తలుపేసుకుని లోపలే ఉండేదాన్ని. పాపను బడికి కూడా అమ్మే దింపేది. రేపు అనేది ఒకటుందని నాకు అనిపించేది కాదు.

ఆ గది నుంచి పెద్దక్క వచ్చింది. ధైర్యం చెప్తుందేమో అని భయపడ్డాను, నాకు అప్పుడు ధైర్యం మాటలు వింటే చిరాకు. ఆమె ఒక సంచీ కింద పెట్టి "పెళ్లి సీజను, జాకెట్లకు హుక్కులు కుట్టేవాళ్లు లేరు, సాయంత్రానికి కావాల" అంది. కుట్టాను. మర్నాడు ఇంకో సంచీ. తర్వాత "నువ్వే వచ్చి తీసుకుపో" అంది. అట్లా గడప దాటించింది.

ఆ గదిలో వాళ్లు ఒక వీధినాటిక కడుతున్నారు. నన్ను ఒక మూల కూర్చోబెట్టి "తప్పుంటే చెప్పు" అన్నారు. నాటికలో పనిమనిషి వేషం వేసిన అమ్మాయి మామా ముందు వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు తెలియకుండానే నోరు లేచింది. "అట్లా ఎవరూ ఏడవరు. వాళ్ల ముందు ఏడిస్తే ఇంకా అరుస్తారు. బాత్‌రూములో కొళాయి తిప్పుకుని ఏడవాల. బయటికొచ్చేటప్పుడు మొహం కడుక్కున్నట్టు ఉంటాది." అందరూ ఆగిపోయి చూశారు. ఒకామె "నేనూ అంతే" అంది. ఇంకొకామె "నేను వాషింగ్ మిషన్ ఆన్ చేసుకునేదాన్ని" అంది. ఎందుకో అందరం నవ్వాం. ఆ రోజే ఆ సీను మార్చేశారు. ఇప్పుడు నాటికలో ఏడుపు లేదు. ఒక అమ్మాయి జనానికి వీపు పెట్టి నిలబడుతుంది, వెనక బకెట్లో నీళ్లు పడే చప్పుడు వస్తుంది, అంతే. చూస్తున్న ఆడవాళ్లలో పోయి వచ్చినవాళ్లెవరో ఆ చప్పుడు దగ్గరే తెలిసిపోతుంది.

నాకు బతుకు మీద మళ్లీ ఆశ పుట్టింది ఆ సీను దగ్గరే. నేను పడింది ఒక పనికి వచ్చింది. ఇంకెవరైనా వచ్చి "నీకు మంచి జరుగుతుందిలే" అనుంటే పుట్టేది కాదు.

నాటికలో ఏం చెప్పాలి అనే దాని మీద పెద్ద గొడవే అయింది. మాకు పాటలు దిద్దిపెట్టిన తెలుగు అయ్యవారు "ఎవరూ వెళ్లొద్దు అని ముగిద్దాం" అన్నారు. ఆయన మంచికే అన్నారు. పెద్దక్క ఒప్పుకోలేదు. "వెళ్లొద్దంటే ఈడ ఏం పెడతావు సార్? కరువొస్తే, అప్పొస్తే పోతాం. పోయే హక్కు మాది. కాగితాలతో పోవాల, జీతంతో రావాల. అది అడుగుదాం" అంది. నేను పెద్దక్క పక్షమే. అయ్యవారు రెండు రోజులు అలిగి, మూడో రోజు కొత్త చరణం రాసుకొచ్చారు, కోలాటం వరసలో. చరణం బాగుంది. అలిగినందుకే అంత బాగా వచ్చిందని మేమంతా అనుకున్నాం, ఆయన ముందు అనలేదు.

ఆ పాటలో ఉన్నవన్నీ నిజమైన సంగతులే. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాల. ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాల. రిజిస్టరైన ఏజెంటు తన ఫీజు కింద 30,000 రూపాయలు, దాని మీద పన్ను, అంతకు మించి తీసుకోకూడదు. ఏజెంటు అసలువాడో కాదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. పద్ధతిగా పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పోతే ఇవేవీ ఉండవు. నన్ను ఇంటిపని వీసా అని చెప్పి పంపించింది విజిట్ వీసా మీద, ముందు వేరే దేశానికి, ఆ తర్వాత కువైట్‌కు.

ఏజెంటు వేషం వేసే అక్క కాటుకతో మీసం పెట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని, నోట్లో వక్కపొడి నములుతూ వస్తుంది. "అమ్మా, అక్కడ ఏసీ రూము, పని ఏముంది, ఇద్దరు ముసలోళ్లు" అనగానే జనం పకపకా నవ్వుతారు, ఎందుకంటే అచ్చం అదే మాట అందరూ విన్నారు. సిద్ధవటం వైపు ఒక ఊళ్లో ఆడినప్పుడు, ఆ డైలాగు దగ్గర వెనక వరసలో నిలబడ్డ ఒకాయన బండి తీసుకుని వెళ్లిపోయాడు. జనం వెనక్కి తిరిగి ఆయన్ను చూసి ఇంకా గట్టిగా నవ్వారు. ఆట అయ్యాక ఆడవాళ్లు జిరాక్సు కాగితాలు పట్టుకుని మా చుట్టూ చేరారు. కరెంటు పోతే సెల్‌ఫోన్ లైట్లలో వీసాలు చదివాం.

నన్ను పంపినాయన మీద కేసు కూడా పెట్టాం. మొదట స్టేషన్లో "మీరు మీరు మాట్లాడుకోండి" అన్నారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉందట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే వకీలమ్మను ఇచ్చారు. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడం 1983 వలస చట్టం ప్రకారం నేరం అని ఆమె రాసి ఇచ్చాక కాగితం కదిలింది. కొంత డబ్బు వెనక్కి వచ్చింది. కేసు నడుస్తోంది కాబట్టి దీని గురించి ఇంతే.

ఇక దండాలు పెట్టాల్సినవాళ్లు. పెద్దక్కకు, ఆపాకు, వకీలమ్మకు, అయ్యవారికి. రిహార్సల్‌కు చోటు లేనప్పుడు సాయంత్రం పూట తన హోటలు వెనక షెడ్డు ఇచ్చి, కారం దోశెలకు డబ్బు తీసుకోని అన్నకు. డప్పు కొట్టను వచ్చే కాలేజీ పిల్లలకు, వాళ్ల సెమిస్టర్లు బాగుపడాల. నా ఫిర్యాదు కాగితం ఇంగ్లీషులో టైపు చేసి, ప్రతిసారీ కొత్తగా ఓపికగా టైపు చేసిన నెట్ సెంటరు తమ్ముడికి. ఏడవకుండా మాట్లాడిన మా అమ్మకు. నేను లేనన్ని రోజులూ ఎవరితోనూ మా అమ్మ కువైట్‌లో ఉందని గొప్పలు చెప్పని, ఇప్పుడు మాత్రం "మా అమ్మ నాటకాలాడుతుంది" అని బడంతా చెప్పుకొచ్చిన మా పాపకు.

ఇంకో చిన్న విషయం. ఏజెంటు వేషం అక్కకు మోకాళ్ల నొప్పి ఎక్కువైంది, డాక్టరు ఎక్కువసేపు నిలబడొద్దన్నారు. ఒంటిమిట్ట వైపు రెండు ఊళ్లు ఒప్పుకుని ఉన్నాం. గొంతు పెద్దగా ఉండి, మీసం పెట్టుకోను సిగ్గుపడని ఆడవాళ్లు ఎవరైనా ఉంటే కుట్టుమిషన్ల గదికి రండి. ఆదివారం మధ్యాహ్నం అందరం అక్కడే ఉంటాం. వక్కపొడి మేమే ఇస్తాం.