లేబర్ రూమ్‌లో ఒక సొరుగు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా అక్కకి ఏడో నెల నిండుతుండగా బిడ్డ కడుపులోనే పోయింది. కాన్పప్పుడు నేను బయట వరండాలో ఉన్నాను. తెల్లవారుజామున నర్సు పాపను ఒక ఆకుపచ్చ ఆపరేషన్ గుడ్డలో చుట్టి తెచ్చి, "బాడీ ఎవరు తీసుకుంటారు?" అని అడిగింది. గుడ్డ ఒక మూల చిరిగి దారాలు వేలాడుతున్నాయి, అంచున నల్ల సిరాతో ఏదో నంబరు. ఆమె మీద నాకేం కోపం లేదు. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఉంది, లోపల ఇంకో ఆవిడకి నొప్పులు వస్తున్నాయి, చేతికందింది ఆ గుడ్డ. ఇంట్లో కుట్టి పెట్టుకున్న రెండు జుబ్బాలు తెప్పించి వేద్దామని చూస్తే పాప వాటిలో మునిగిపోయింది. ఇన్నేళ్లయినా అక్క ఎప్పుడైనా నోరు విప్పితే, "పొత్తిగుడ్డ కూడా లేకుండా పంపించేశాం కదే" అంటుంది.

ఇలాంటి బిడ్డల కోసం చిన్న చిన్న జుబ్బాలు, టోపీలు, దుప్పట్లు ఇంట్లోనే కుట్టి, అల్లి ఆసుపత్రులకి ఉచితంగా ఇచ్చేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. కొందరు దాచుకున్న పెళ్లి గౌను కూడా ఇచ్చేస్తారు, దాన్ని కత్తిరించి బుల్లి గౌన్లు కుడతారు. నాలుగేళ్లుగా నేనూ కుడుతున్నాను. కుట్టే చేతులకి కొదవ లేదు. కుట్టినవి అవసరమైన బిడ్డ దాకా చేరడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

చేరకపోవడంలో మా తప్పు కూడా ఉంది. నేను మొదట కుట్టిన జుబ్బాకి ముద్దుగా ఉంటాయని ప్రెస్ బటన్లు పెట్టాను. ఒక సీనియర్ నర్సు దాన్ని తిరిగి నా చేతిలో పెట్టి, "బటన్ పడాలంటే నొక్కాలి కదమ్మా, ఆ గుండె మీద నేనెలా నొక్కను?" అంది. బిడ్డ లోపల చనిపోయి గంటలు గడిచేకొద్దీ చర్మం తేమ కాగితంలా అయిపోతుందట. కాస్త రాసుకున్నా పొర లేచి వచ్చేస్తుంది. చేతులు దూర్చి, తల మీంచి లాగి తొడిగే బట్ట ఆ ఒంటికి పనికిరాదు. జుబ్బా మొత్తం విప్పుకుని పరుపు మీద పరిచేలా ఉండాలి. బిడ్డను దాని మీద పడుకోబెట్టి, రెండు పక్కల నుంచీ మడిచి, వదులుగా నాడా ముడి వేయాలి. లోపలి వైపు కుట్టు తగలకూడదు. ఊలు దుప్పట్లో పెద్ద పెద్ద కన్నాలుంటే బుల్లి వేళ్లు చిక్కుకుంటాయి, నూగు రాలే దారమైతే ఒంటికి అంటుకుంటుంది. మెత్తటి కాటన్ మేలు. టోపీ కూడా అందం కోసం కాదు. తల ఎముకలు ఒకదాని మీదికి ఒకటి జారి ఉండొచ్చు, అది చూసి తల్లి అదిరిపోకుండా టోపీ కాపాడుతుంది.

ఇక సైజులు. 20 వారాల బిడ్డ సుమారు 300 గ్రాములు, 24 వారాలకి 600 పైచిలుకు, 28 వారాలకి కిలో. మేం కుట్టి పంపేవి మాత్రం ఎక్కువగా మూడు కిలోల బిడ్డకి సరిపోయేవి, ఎందుకంటే మన కంటికి అలవాటైన కొలత అదే. 300 గ్రాముల బిడ్డకి జుబ్బా కాదు, మెత్తటి జేబు లాంటి సంచి కావాలి. అందులో పడుకోబెట్టి పైన మడత వేస్తే చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 28 వారాలు నిండాక ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డలనే లెక్కిస్తుంది. ఆ లెక్కలోనే ఏటా సుమారు 19 లక్షల మంది. వాళ్లలో 100కి 40 మందికి పైగా నొప్పులు మొదలయ్యాక పోయినవాళ్లు. అంటే కాన్పు సమయంలో సరైన వైద్యం ఉంటే చాలామంది దక్కేవాళ్లే. "గుడ్డలు కుట్టడం కాదు, ముందు బిడ్డల్ని బతికించే సంగతి చూడండి" అని ఒక డాక్టరు గారు నాతో కాస్త విసుగ్గానే అన్నారు. ఆయన అన్నది నిజం. కానీ నా కుట్టుమిషన్ ఆగిపోతే లేబర్ రూమ్‌కి ఇంకో డాక్టరు రారు కదా.

ఆసుపత్రుల యాజమాన్యాలను అడిగేది పెద్ద ఖర్చేం కాదు. లేబర్ రూమ్‌లో ఒక సొరుగు కేటాయించండి. మేం ఇచ్చినవి స్టోర్‌లో పెట్టి తాళం వేస్తే, ఆ తాళంచెవి పగలు పనిచేసేవాళ్లతో ఇంటికి వెళ్లిపోతుంది. ఆ రాత్రి మళ్లీ ఆకుపచ్చ గుడ్డే గతి. ఉతికి, కవరు మీద ఎన్ని గ్రాముల బిడ్డకో రాసి ఇచ్చే బాధ్యత మాది. బిడ్డను చూస్తారా, మీరే తొడుగుతారా అని తల్లిని మెల్లగా అడగాలి. వద్దంటే బలవంతం వద్దు, కానీ రెండు మూడు గంటలాగి ఇంకోసారి అడగండి. మొదటి షాక్‌లో వద్దన్నవాళ్లు తర్వాత మనసు మార్చుకోవచ్చు. దుప్పట్లు మేం జతగా ఇస్తాం. ఒకటి బిడ్డతో వెళ్తుంది, రెండోది కాసేపు బిడ్డకి కప్పి తల్లి చేతికి ఇవ్వాలి. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లిన ఆవిడకి రెండు మూడు రోజుల్లో పాలు కూడా పడతాయి.

కొందరు కవర్లో కార్డు కూడా పెడుతుంటారు, దేవుడికి పువ్వు కావాల్సి వచ్చిందని, ఇలాంటి మాటలు రాసి. నాకది నచ్చదు. బట్ట ఇస్తే చాలు, మాటలు వద్దు.

మా అక్క నాడాలు కొలిచి కత్తిరించి ఇస్తుంది. జుబ్బాలు మాత్రం ఇప్పటికీ ముట్టుకోదు. మీ పాఠకుల్లో కుట్టేవాళ్లుంటే గుడ్డ కత్తిరించే ముందు ఒకసారి ఆసుపత్రికి ఫోన్ చేసి ఏ సైజు అయిపోయిందో కనుక్కోండి. నేను అడిగిన ప్రతిసారీ చిన్నవే అయిపోయాయని చెప్పారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు