రెపో రేటంటే ఇంటి వాయిదా ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీ, మార్చిన మర్నాడల్లా మీ పేపర్లో ఒక పట్టిక వేస్తారు, ఇంటి అప్పుకు నెల వాయిదా ఎంత మారిందని. నాకు ఇల్లు లేదు, షెడ్డుంది. బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో రెండు సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మిషన్లు పెట్టుకుని లారీ బ్రేకులకు బుష్‌లు చేసిస్తాను. నా లెక్క ఏ పట్టికలోనూ దొరకదు.

2022 మే మొదట్లో 4 శాతమున్న రెపో 2023 ఫిబ్రవరికల్లా 6.50 అయింది. నా సీసీ లిమిట్, అంటే కావలసినప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు పరిమితి, 30 లక్షలు, వడ్డీ రెపోకి ముడిపెట్టిందే. మొత్తం వాడితే ఏడాదికి 75 వేలు అదనం. అదెలాగో సర్దుకున్నాను. అసలు దెబ్బ ఏడాది దాటాక తగిలింది. వడ్డీ చూసి లారీ కొనేవాడు ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అన్నాడు, 2024లో నా ఆర్డర్లు పల్చబడ్డాయి. నాలుగు రోజులు మిషన్ ఆగితే మిషన్‌ను చల్లబరిచే కూలెంట్ కుళ్లి షెడ్డంతా కంపు. పైగా మేం సరుకిచ్చే పెద్ద కంపెనీ అరవై రోజుల బిల్లును తొంభైకి జరిపింది. బ్యాంకు అప్పు ప్రియమైతే మా డబ్బే వాళ్లకు వడ్డీలేని అప్పు! మాలాంటి చిన్న యూనిట్లకు బిల్లు చెల్లింపు 45 రోజులు దాటకూడదని 2006 నుంచీ చట్టముంది. ఫిర్యాదు చేస్తే బిల్లు వస్తుందేమో, మళ్లీ ఆర్డరు మాత్రం రాదు.

మా బావమరిది వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేరు. వాళ్ల కంపెనీకి అప్పే లేదట, డాలరు గోల తప్ప. మా అన్న కదిరి దగ్గర వేరుశనగ వేస్తాడు. పంట రుణం వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4. రెపో ఎటు పోయినా ఆయన చూపు మబ్బు మీదే. పండక్కి ముగ్గురం కూచుంటే వడ్డీ మాట ఎత్తింది నేనొక్కణ్నే. 2022లో ధరలు మండింది ఉక్రెయిన్ యుద్ధంతో వంటనూనెకూ, క్రూడాయిలుకూ. ఆ ధరలు దించాలనే రెపో పెంచారు. ఆగింది మాత్రం నా మిషన్.

2025లో నాలుగు విడతల్లో 5.25కి దింపారు. నా వడ్డీ తగ్గింది, కాదనను. తొంభై రోజుల బిల్లు మాత్రం తొంభై దగ్గరే కూచుంది. ఈసారి రేటు మారినప్పుడు మీ విలేకరిని ఒకసారి ఇటు పంపండి. టీ నేనిప్పిస్తాను.

– ఒక లేత్ షెడ్డు యజమాని, పీణ్యా, బెంగళూరు