పాట వెనక కథకు తేదీలు కూడా వేయండి

సంపాదకుల వారికి,

పాటల వెనక కథలంటే పాఠకులు ఎగబడి చదువుతారు. చిక్కల్లా, అలా అచ్చయ్యే చాలా కథలకు తేదీ ఉండదు, చెప్పిందెవరో ఉండదు. బాణీ ఎప్పుడు పుట్టింది, మాటలెప్పుడు పడ్డాయి, రికార్డింగ్ ఎప్పుడు జరిగింది? ఈ మూడూ పక్కపక్కన పెడితే కట్టుకథ చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

‘మా తెలుగు తల్లికి’ రాష్ట్ర గీతంగానే పుట్టిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. శంకరంబాడి సుందరాచారి దాన్ని ‘దీనబంధు’ సినిమా కోసం రాసింది 1942లో. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953లో.

ఇంగ్లండు గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ (1981)ను పట్టుకున్న కథ ఇంకా మొండిది. ఎవరో నీళ్లలో మునిగిపోతుంటే చూస్తూ నిలబడ్డ మనిషిని కచేరీకి రప్పించి, అతని మొహాన లైటు వేయించి మరీ పాడాడట! కాదు మొర్రో అని కాలిన్స్ ఎన్నిసార్లు చెప్పినా అది చావలేదు. అప్పటికి అతని కాపురం చెదిరింది; మాటలు చాలావరకు మైకు ముందు అప్పటికప్పుడు వచ్చినవే. అసలు వింత 3 నిమిషాల 40 సెకన్ల దగ్గర విరుచుకుపడే డ్రమ్స్‌లో ఉంది. స్టూడియోలో వాయించేవాళ్ల మాట ఇంజనీరుకు వినబడాలని ఒక మైకు పెడతారు. ఏ మూల నుంచి మాట్లాడినా అందాలి కాబట్టి దానికి కంప్రెషన్ (చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ దగ్గరకు తెచ్చే ఏర్పాటు) విపరీతంగా ఉంటుంది. 1980 నాటి గాయకుడు పీటర్ గేబ్రియల్ ఆల్బమ్ పని జరుగుతుండగా, కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నప్పుడు ఆ మైకు తెరిచే ఉంది. గది మోతంతా ఉబ్బి వినిపించింది. దానికి నాయిస్ గేట్ (శబ్దం కాస్త తగ్గగానే కోసేసే పరికరం) తగిలిస్తే మోత సాగకుండా టక్కున తెగింది. మరుసటి ఏడాది కాలిన్స్ పాటలో మోగింది ఆ శబ్దమే. పగ కథ కంటే నాకిదే రుచిగా ఉంటుంది.

‘యెస్టర్‌డే’ బాణీ బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీకి నిద్రలో తట్టింది. మాటలు దొరక్క ‘స్క్రాంబుల్డ్ ఎగ్స్’ అని పాడుకుంటూ తిరిగాడు. మన సినిమావాళ్లు డమ్మీ లిరిక్ అనేది దీన్నే. డమ్మీకి అర్థం అక్కర్లేదు, కొలత తప్పకూడదు: స్క్రామ్-బుల్డ్-ఎగ్స్, యెస్-టర్-డే. మూడుకు మూడు. 1965 జూన్ 14న రికార్డు చేసి, మూడు రోజుల తర్వాత నలుగురి తీగవాద్య బృందాన్ని కలిపారు.

‘హ్యాపీ బర్త్‌డే’ కూడా అంతే. హిల్ అక్కచెల్లెళ్లు పిల్లల కోసం 1893లో అచ్చు వేసిన ‘గుడ్ మార్నింగ్ టు ఆల్’ దాని మూలం. ‘గుడ్’ మీదున్న ఒక్క స్వరాన్ని రెండుగా చీలిస్తే ‘హ్యా-పీ’ కూర్చుంది. ఆ మాటల మీద ఓ సంస్థ చెప్పుకుంటున్న హక్కు చెల్లదని అమెరికా కోర్టు తేల్చింది 2015లో!

ఇకపై ఇలాంటి కథ వేసినప్పుడు కింద ఒక్క లైను ఇవ్వండి: బాణీ, మాటలు, రికార్డింగ్ తేదీలు, చెప్పినవారి పేరు. దొరకని చోట ఖాళీ వదిలేయండి. కథకు ఆధారం వాట్సాప్ ఫార్వర్డ్ ఒక్కటే అయితే ఆ చోటు పదకేళికి ఇచ్చేయండి.

– ఒక పాఠకుడు