మా ముందు పదిమందే

సంపాదకునికి,

సంక్రాంతి సెలవుల్లో విజయనగరం నుంచి రైలెక్కి పిల్లలతో హైదరాబాద్‌లో ఓ థీమ్ పార్కుకు వెళ్లాం. అదనంగా కడితే లైను తప్పించే పాస్ ఇస్తామన్నారు. వద్దన్నాను. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల సెంటర్ దగ్గర గంటలు నిలబడేవాళ్లం, మాకు లైనొక లెక్కా?

రోలర్ కోస్టర్ దగ్గర మా ముందు పదిమందే ఉన్నారు. పక్క గేటు తీసి, పాస్ కొని చేతికి రంగు బ్యాండ్లు కట్టుకున్నవాళ్లను రెండు విడతలు ఎక్కించారు. "నాన్నా, మనకి బ్యాండ్ లేదా?" అంది మా చిన్నది. సీట్లు అన్నే కదా, వాళ్లకు మిగిలిన టైము మా దగ్గర తీసిందే. డిస్నీ పార్కుల్లో 1999లో ఇలాంటి పాస్ ఉచితంగానే మొదలైంది. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 2021 నుంచి దానికి డబ్బులు.

పండగ రద్దీలో, ఒక్కరోజుకే వెళ్తే కొనుక్కోండి. మామూలు మంగళవారమైతే దండగ. పాసులకు ఎన్ని సీట్లు పోతున్నాయో పార్కులు గేటు దగ్గరే బోర్డు పెట్టాలి.

— ఒక తండ్రి, విజయనగరం