జులైలో తడిసిన జాకెట్ల గురించి, మన పాత కస్టమర్లకు

నమస్కారం. జులై రెండో వారంలో మన ట్రెకింగ్ సామాను షాపు నుంచి రెయిన్ జాకెట్లు అద్దెకు తీసుకుని తొమ్మిది మంది కర్ణాటకలోని కుద్రేముఖ్ కొండకు వెళ్లారు. తొమ్మిది జాకెట్లలోకీ నీళ్లు దిగాయి. వాళ్లలో ఒకమ్మాయి మూడేళ్లుగా మన దగ్గరే సామాను తీసుకుంటోంది. కిందికి దిగి ముల్లోడి ఊరు చేరేసరికి ఆమెకు వేళ్లు మడవడానికి కూడా రాలేదట. తోటివాళ్లు పొడి స్వెటర్ తొడిగి, జీపులో మధ్యలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఇప్పుడు బాగానే ఉంది. సోమవారం జాకెట్ తిరిగి ఇస్తూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "అన్నా, దీన్ని ఇంకెవరికీ ఇవ్వకండి" అని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేదేమో.

కుద్రేముఖ్ వెళ్లినవాళ్లకు తెలుసు. కొండ లోయల్లో ఉండే షోలా అడవి దాటి గడ్డి కొండల మీదకు వచ్చాక గాలికి అడ్డుగా ఒక్క చెట్టు ఉండదు. శిఖరం 1,890 మీటర్లకు పైనే. తడిసిన ఒంటికి ఆ గాలి తగిలితే ఒంట్లో వేడిని లాగేస్తుంది. అటవీశాఖ పర్మిట్ ఒక తేదీకే ఇస్తారు కాబట్టి వాన ఎక్కువగా ఉందని రేపటికి వాయిదా వేసుకోవడమూ కుదరదు. అలాంటి చోటికి నా జాకెట్‌ను నమ్మి వెళ్లారు.

ఏం జరిగిందో చెప్తాను. ఆ జాకెట్ల ట్యాగ్ మీద 3,000 మిల్లీమీటర్లు అని ఉంది. గుడ్డ మీద మూడు మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టినా అవతలి వైపుకు రావని దాని అర్థం. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది గుడ్డకు సంబంధించింది. జాకెట్ అన్నాక కుట్టు ఉంటుంది, కుట్టు ఉన్నచోట సూది పొడిచిన రంధ్రాలు వందల్లో ఉంటాయి. అందుకే లోపలి వైపు ప్రతి కుట్టు మీదా వేడితో టేప్ అతికించాలి. మనకు వచ్చిన కొత్త లాటులో భుజాల మీద మాత్రమే టేప్ వేశారు. చంకల దగ్గర లేదు, టోపీ కలిసేచోట లేదు. నాకు చూపించిన శాంపిల్‌లో మాత్రం అన్నిచోట్లా ఉంది.

ఆ సోమవారం రాత్రి మా బాత్‌రూమ్‌లో షవర్ కింద ఒక్కో జాకెట్ తగిలించి, లోపల న్యూస్‌పేపర్ పెట్టి, ఇరవై నిమిషాలు నీళ్లు వదిలాను. మొత్తం 60 జాకెట్లూ చూడటానికి మూడు రాత్రులు పట్టింది. 46 కారాయి.

సప్లయర్‌కు ఫోన్ చేశాను. ఆయనతో ఐదేళ్ల పరిచయం. డబ్బు ఎప్పుడూ ఒక్కరోజు ఆలస్యం చేయలేదు నేను. అంతా విని ఆయన అన్న మాట: "అద్దెకిచ్చే సరుకే కదా సార్, లోపల కుట్లు ఎవరు తిప్పి చూస్తారు?" నేను ఫోన్ పెట్టేశాను. నష్టం కంటే ఎక్కువ గుచ్చుకున్నది ఆ మాటే. అద్దెకు తీసుకునేవాళ్లంటే ఆయనకు లెక్కలేదు. జీతం వచ్చిన కొత్తలో పదివేల జాకెట్ కొనలేక, అయినా కొండ ఎక్కాలనే ఆశ చంపుకోలేక వచ్చే పిల్లల కోసమే నేను ఈ షాపు పెట్టాను.

అయితే తప్పంతా ఆయన మీదకు నెట్టేసి చేతులు దులుపుకోలేను. మొదటి లాటు వచ్చినప్పుడు అందులో ఒకటి నేనే వేసుకుని, జోరు వానలో కొడగులో తడియాండమోల్ కొండ ఎక్కి దిగాను. లోపలి చొక్కా తడవలేదని నమ్మకం కుదిరాకే మీకు ఇచ్చాను. రెండో లాటును అలా చూడలేదు. అట్టపెట్టెలు విప్పి నంబర్లు వేసి హ్యాంగర్లకు తగిలించేశాను. పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషిని. పరీక్షించకుండా ఏదీ బయటికి వెళ్లకూడదని జూనియర్లకు నేర్పినవాణ్ణి.

ఎందుకు చూడలేదంటే, నేను కొండెక్కి పద్నాలుగు నెలలైంది. ఇది ఎవరికీ చెప్పలేదు. మాది మదనపల్లె. చిన్నప్పుడు హార్స్‌లీ హిల్స్ మాకు పెద్ద ప్రపంచం. మా అవ్వ దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేది. బెంగళూరు వచ్చాక వైట్‌ఫీల్డ్ ఆఫీసు, మారతహళ్లి ట్రాఫిక్ మధ్య ఆ కొండ మరిచేపోయాను. ఒక ఆదివారం స్నేహితులు మాగడి దగ్గర సావనదుర్గ అనే రాతి కొండకు లాక్కెళ్లారు. అంత పెద్ద రాతి మీద అరచేతులు ఆనించి పైకి పాకుతుంటే, వారమంతా తలలో తిరిగే రిలీజ్ టెన్షన్ ఒక్కసారిగా ఆగిపోయింది. మర్నాడు ఆఫీసులో నా పని నాకే కొత్తగా అనిపించింది. ఆ సోమవారం మరికొందరికి దొరకాలనే ఉద్యోగం మానేశాను. తీరా షాపు పెట్టాక శుక్రవారం సాయంత్రం సామాను ఇవ్వడం, సోమవారం తీసుకోవడం, ఉతకడం, ఆరేయడం. మీరందరూ కొండ మీద ఉన్నప్పుడు నేను కౌంటర్ వెనక ఉన్నాను. వాన ఎక్కడ లోపలికి దిగుతుందో వానలో ఉన్నవాడికే తెలుస్తుంది.

ఇక ఆగస్టు 15 సంగతి. ఆ సెలవుల్లో వచ్చే అద్దెలతో షాపు అద్దె మూడు నెలలు కట్టుకోవచ్చు. సప్లయర్ మళ్లీ ఫోన్ చేసి, సగం ధరకు అన్ని కుట్లకూ టేప్ వేసిన 60 కొత్త జాకెట్లు 12వ తేదీకల్లా పంపుతానన్నాడు. మూడు రోజులు ఆలోచించాను. మా ఆవిడ లెక్కల పుస్తకం ముందు పెట్టి, "షవర్ కింద చూసి ఇవ్వండి, చాలు కదా" అంది. ఆమె చెప్పిందాంట్లో న్యాయం ఉంది. కానీ షవర్ నీళ్లు నిలువుగా పడతాయి. కొండ మీద వాన అడ్డంగా కొడుతుంది, పైగా బ్యాగు పట్టీలు భుజం కుట్టును గంటల తరబడి ఒరుస్తాయి. 12న వచ్చిన సరుకును 14 సాయంత్రానికి కొండ మీద పరీక్షించలేను. వద్దన్నాను. సరుకు బాగున్నా సరే, ఆ మాట అన్న మనిషి దగ్గర ఇక కొనను. పంతం అంటారా, పంతమే. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

కాబట్టి ఈ వానాకాలం మన దగ్గర రెయిన్ జాకెట్లు అద్దెకు దొరకవు. షవర్ కింద కారని ఆ 14 జాకెట్లు కూడా ఇవ్వను. బ్యాగులు, టెంట్లు, కర్రలు మామూలే. ఇంకొకరి దగ్గర ఒక్క జాకెట్ కుట్టించాను, అది వేసుకుని ముందు నేను వెళ్తాను. అందుకే ఇకనుంచి మంగళ, బుధవారాలు షాపు మూసి ఉంటుంది.

ఆగస్టు 15కు జాకెట్లు ముందే చెప్పి అడ్వాన్స్ కట్టినవాళ్లకు మొత్తం వెనక్కి పంపేశాను. జూన్, జులైలో కొత్త లాటు జాకెట్లు తీసుకున్నవాళ్లకు, తడిసినా తడవకపోయినా, అద్దె తిరిగి ఇస్తున్నాను. ఇంకా అందనివాళ్లు రసీదు లేకపోయినా రండి. ఏ నంబర్ జాకెట్ ఎవరు తీసుకెళ్లారో నా పుస్తకంలో రాసి ఉంది.